హెల్త్ క్లబ్బు గుమ్మంలో ఓదెలు తాత

గోదావరిఖని కింద ఉన్న బొగ్గంతా ఓదెలు తాత ఒక్కడే తవ్విపోశాడనీ, మిగతా కార్మికులు ఊరికే దీపాలు పట్టుకుని నిలబడ్డారనీ మనవరాలు స్వరూప వాడంతా చెబుతుంది. రిటైరై ఐదేళ్లయినా తాత ఆరుబయట కూడా పైకప్పు తగులుతుందేమోనన్నట్టు తల వంచుకునే నడుస్తాడు. నుదుటి మీది పాత గాట్లలో బొగ్గు నీలంగా నిలిచిపోయింది. ఈమధ్య కుడిభుజం పట్టేసింది. అంగీ తొడగడానికి భార్య ఐలవ్వ సాయం పట్టాల్సి రావడం ఆయనకు పెద్ద నామోషీ. అందుకే చౌరస్తాలో కొత్తగా తెరిచిన పెద్ద హెల్త్ క్లబ్బును, చేరేముందు ఒకసారి చూసి వద్దామని స్వరూపను వెంటబెట్టుకుని వెళ్లాడు.

గుమ్మంలోనే బీడీకట్ట, అగ్గిపెట్టె తీసి యజమాని కుతుబుద్దీన్ చేతిలో పెట్టాడు. గనిలోకి దిగేముందు ముప్పై ఏళ్లు చేసినట్టే, తనిఖీ కోసం రెండు చేతులూ ఎత్తాడు. ఎడమ చెయ్యి నిటారుగా లేచింది. కుడి చెయ్యి భుజం దాకా వచ్చి ఆగింది. స్వరూప కిసుక్కున నవ్వింది. కుతుబుద్దీన్ మాత్రం నవ్వకుండా జేబులు తడిమి, "లోపలికి పో కాకా" అన్నాడు. లోపల ఇనుప గుండ్లు ఎత్తి దించుతున్న పిల్లగాళ్లను తాత చాలాసేపు చూశాడు.

"ఎత్తినకాడ్నే మళ్ల పెడుతున్నరు. గిట్లయితే బొగ్గు టబ్బు ఎప్పుడు నిండాలె?"

కుతుబుద్దీన్ ఆయన మోచేతి కింద చెయ్యి పెట్టి మెల్లగా లేపాడు. తాత పళ్లు బిగబట్టాడు. చెయ్యి చెవి దాకా వెళ్లింది.

"ఏంది తాతా, చెయ్యి లేపుడుకే గిన్ని చెమటలా?" అంది స్వరూప.

"నవ్వింది చాలు," అని తాత కుతుబుద్దీన్ వైపు తిరిగాడు. "నా పేరు రాయి. రేపు ఫస్టు షిఫ్టుకే వస్త."