బుడ్డోళ్ళ అత్తమ్మ

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున, జనగామ దవాఖానలో మా మేనత్త చనిపోయింది. ఎనిమిది రోజులుగా, రెండు పూటలా ఇంటికి పోయి రావడం తప్ప, నేను ఆమె మంచం పక్కనే ఉన్నాను. ఆ ఐదు నిమిషాలు మాత్రం లేను. ఫ్లాస్కులో వేడినీళ్ళు పట్టుకురావడానికి కిందికి దిగాను. తిరిగి వచ్చేసరికి పక్క మంచం మీదున్న పేషెంటు వాళ్ళమ్మ లేచి నిలబడి ఉంది. నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు అర్థమైంది. అయినా ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, మూత సరిగ్గా బిగిసిందో లేదో చూశాను. ఎందుకు చూశానో ఇప్పటికీ తెలియదు.

మా వాడకట్టులో ఆమెను బుడ్డోళ్ళ అత్తమ్మ అనేవాళ్ళు. దేవరుప్పుల పక్కన ఒక చిన్న పల్లెలో పుట్టింది. పెళ్ళయి జనగామ వచ్చింది. ఆమెకు నలభై నిండకముందే మామయ్య పోయాడు. పిల్లలు లేరు. ఊరి బయట ఉండే ఒక ఫార్మసీ కాలేజీలో ఊడ్చే పనికి కుదిరింది. అక్కడ ఎవరూ కోరుకోని గదిని ఆమెకు అప్పగించారు. అది ప్రయోగాల కోసం జంతువులను ఉంచే గది. పద్నాలుగేళ్ళు ఆ గదిలో పనిచేసింది.

ఆ గదిలో ఉండేవి గినీ పందులు. పేరే గానీ పందితో వాటికి ఏ పోలికా లేదు. రెండు దోసిళ్ళలో ఒదిగేంత ఒళ్ళు, తోక ఉండదు, చెవులు మందారపు రేకుల్లా వాలి ఉంటాయి. చూసినవాళ్ళు కొందరు కుందేలు పిల్లలనేవాళ్ళు, కొందరు ఎలుకలని మొహం చిట్లించేవాళ్ళు. అత్తమ్మకు పంది అనే మాట నచ్చేది కాదు. ‘బుడ్డోళ్ళు’ అనేది.

డిగ్రీ చదివిన మూడేళ్ళు నేను ఆమె ఇంట్లోనే ఉన్నాను. కాలేజీ సంగతులు పెద్దగా చెప్పేది కాదు. కొన్ని రోజులు మాత్రం ఇంటికి రాగానే నల్లా కింద కూర్చుని చాలాసేపు చేతులు కడుక్కునేది. అవి ప్రాక్టికల్స్ ఉన్న రోజులని నాకు ఆలస్యంగా తెలిసింది. బుడ్డోళ్ళ బొచ్చు మీద పసుపుపచ్చ మందుతో గుర్తులు పెట్టేవాళ్ళట. తల మీద మచ్చ ఉంటే ఒక నంబరు, వీపు మీద ఉంటే ఇంకో నంబరు. పిలిచిన నంబరును బోనులోంచి తీసి తెచ్చి ఇవ్వడం ఈమె పని. ఇచ్చినది మళ్ళీ బోనులోకి వచ్చేది కాదు. ఒకసారి తనంతట తానే అంది.

“నా చేతిల ఉంటె అవి భయపడకపోయేటియి. గందుకే నన్నే తెమ్మనేటోళ్ళు.”

అంతే అని లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఐదేళ్ళ కిందట ఆ కాలేజీ మూతపడింది. పిల్లలు ఒక్కొక్కరే వేరే కాలేజీలకు మారిపోయారు, సార్లు వెళ్ళిపోయారు, బల్లలూ బీరువాలూ ఎవరో కొనుక్కుపోయారు. గదిలో పందొమ్మిది బుడ్డోళ్ళు మిగిలాయి. వాటిని ఎవరూ అడగలేదు. వెనక తుమ్మచెట్లల్లో వదిలేయమని చెప్పారట. బోనులో పుట్టి బోనులో పెరిగిన ప్రాణాలు. బయట కుక్కలూ ముంగిసలూ ఉంటాయి. తెల్లారేదాకా ఒక్కటీ మిగలదని అత్తమ్మకు తెలుసు. టమాటా ట్రేలు మూడు సంపాదించి, అన్నింటినీ సర్ది, ఆటోలో ఇంటికి తెచ్చింది.

ఆ ఆదివారం నేను అక్కడే ఉన్నాను. అప్పటికే నాకు కొడకండ్లలో టీచరు ఉద్యోగం వచ్చి, పెళ్ళయి, వారానికోసారి వచ్చి పోతున్నాను. ట్రేలు దింపుతుంటే నాకు చిరాకు వేసింది. ఇన్నింటిని ఏం చేస్తావు, ఎవరికైనా ఇచ్చెయ్యరాదా అన్నాను. ఆమె నడుం నిలబెట్టి నా వైపు చూసింది.

“పద్నాలుగేండ్లు ఇచ్చిన బిడ్డా. ఇగ ఇయ్య.”

ముందు గది మొత్తం వాటిదైపోయింది. ఆడవి ఒకవైపు, మగవి ఒకవైపు, మధ్యలో చెక్క అడ్డం. లేకుంటే పందొమ్మిది కాస్తా ఏడాదిలో వంద అవుతాయని చెప్పేది. దేన్నీ ఒంటరిగా ఉంచేది కాదు. జత లేకపోతే తిండి మీద మనసు పోతుందట. పాత నూలు చీరలు చింపి కింద పరిచేది. ఎండుగడ్డి ఎప్పుడూ ముందు ఉండాలి, లేకపోతే పళ్ళు పెరిగిపోతాయి. రోజూ కొత్తిమీరో, చిన్న ఉసిరికాయ ముక్కో పడాలి, లేకపోతే మనుషుల్లాగే వాటికీ కీళ్ళు పట్టేసి చిగుళ్ళు ఉబ్బుతాయి. మార్చి వచ్చిందంటే కిటికీలకు తడిపిన గోనెసంచులు కట్టి, మట్టికుండలు అడ్డంగా పడుకోబెట్టేది. వాటిలో దూరి బుడ్డోళ్ళు మధ్యాహ్నమంతా నిద్రపోయేవి. ఎవరు వచ్చినా ముందు వాటికి పెట్టాకే మనిషికి చాయ్. “అడగరాని నోరు ముందుగాల తినాలె” అనేది.

కొన్ని నెలలకు పాత బొచ్చు రాలి కొత్తది వచ్చింది. పసుపుపచ్చ గుర్తులు పోయాయి. ఆ తర్వాతే వాటికి పేర్లు పెట్టింది. మల్లమ్మ, గోధుమోడు, పట్వారి. వాటిలో తెల్లగా, మెడ దగ్గర నల్లటి పట్టీ ఉండేది దొరసాని. ఎవరు పిలిచినా పలికేది కాదు, అత్తమ్మ దగ్గితే మాత్రం ఈల వేసేది.

సంగతి ఊరంతా పాకింది. హైదరాబాద్‌లో పిల్లల కోసం ముచ్చటపడి కొని, నెల తిరగకుండానే విసుగొచ్చినవాళ్ళు తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. రఘునాథపల్లి నుంచి ఒకాయన జంట అని తెచ్చిన డబ్బా తెరిస్తే ఏడు ఉన్నాయి. ఒకరైతే చెప్పుల డబ్బాలో పెట్టి గేటు ముందు వదిలిపోయారు. నేను తిట్టబోతే అత్తమ్మ ఆపింది. రోడ్డు మీద పారేయకుండా మన గేటు దాకా తెచ్చిండు, అంతవరకు మంచోడే అంది. చెప్పుల డబ్బాలో వచ్చినదానికి ఒక కన్ను లేదు. అది రెండేళ్ళకు పైగా బతికింది.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. అది చెప్పకుండా ఆమెను తలుచుకునే హక్కు నాకు లేదు.

రెండేళ్ళ కిందట అత్తమ్మకు దగ్గు ముదిరింది. మెట్లెక్కితే ఆయాసం. హన్మకొండ తీసుకుపోయి చూపిస్తే, గడ్డి దుమ్మూ బొచ్చూ ఊపిరితిత్తులకు పడవు, జంతువులను ఇంట్లోంచి తీసెయ్యాలి అని డాక్టరు చెప్పాడు. ఆమె తల ఊపింది. ఇంటికొచ్చి ఎప్పటిలాగే గడ్డి పరిచింది. ఆ ఏప్రిల్‌లో వారం రోజులు దవాఖానలో చేర్చాల్సి వచ్చింది. తాళం చెవి నా దగ్గర ఉంది. నాతో పనిచేసే ఒక టీచరుకు భూపాలపల్లి దగ్గర తోట ఉన్న బంధువు ఒకాయన ఉన్నాడు. పిల్లలు చూసి సంతోషపడతారు, ఇస్తే పెంచుకుంటానన్నాడు. ముసలివై పోయినవి పోగా అప్పటికి పన్నెండు ఉన్నాయి. పన్నెండింటినీ ఇచ్చేశాను. గది కడిగాను. ఫినాయిల్ వేశాను. ఆమె ప్రాణం కాపాడుతున్నాననే అనుకున్నాను.

ఇంటికి వచ్చి, గడపలో నిలబడి ఆ గది వైపు చూసింది.

“ఏవి?”

చెప్పాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. తిట్టలేదు, ఏడవలేదు. నేనిచ్చిన మంచినీళ్ళు తాగలేదు. మరునాడు పొద్దున్నే చీర మార్చుకుని, వెదురుగంప చంకన పెట్టుకుని బస్టాండుకు బయల్దేరింది. నేను వెంట పడ్డాను. హన్మకొండలో బస్సు మారి భూపాలపల్లి చేరేసరికి ఎండ మాడు పగలగొడుతోంది.

ఆ తోట ఆయన చెడ్డవాడు కాదు. కోళ్ళ కోసం వేసిన రేకుల షెడ్డులో వాటిని ఉంచాడు. నీళ్ళు పెట్టాడు, జొన్నలు పోశాడు. రేకు కింద ఎండ వాటికి పడదని ఆయనకు తెలియదు. తెలిసినదాన్ని నేను చెప్పలేదు. నాలుగు రోజుల్లో ఏడు చనిపోయాయి. పట్వారి, గోధుమోడు, ఒంటికన్నుది. గుంత తీసి పూడ్చానని వేలుతో చూపించాడు. కుందేళ్ళ లెక్క ఉంటయ్ అనుకున్న అవ్వా అని తల వంచుకున్నాడు. అత్తమ్మ ఆ గుంత దగ్గరికి వెళ్ళి, వంగి, అరచేత్తో మట్టిని సాపు చేసింది. తర్వాత బతికిన ఐదింటినీ ఒక్కొక్కటిగా ఎత్తి, పొట్ట మీద తడిగుడ్డ అద్ది, గంపలో పెట్టింది. మల్లమ్మ ఉంది. దొరసాని ఉంది.

బస్సులో గంపను ఒళ్ళో పెట్టుకుని కొంగుతో విసురుతూనే ఉంది. తనకే ఊపిరాడడం లేదు. నేను విసురుతానంటే ఇవ్వలేదు. ములుగు క్రాస్‌రోడ్డు దాటాక, నా వైపు తిరగకుండానే మాట్లాడింది.

“నా మంచికే చేసినవ్, నాకెరుకే. కని నన్ను అడగలే నువ్వు. అడిగితే వద్దంటనని నీకూ ఎరుకే.”

నేను గంప మీద పడుతున్న ఎండకు చేయి అడ్డం పెట్టాను.

అత్తమ్మ ఆ మాట మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. మరుసటి ఆదివారం నేను భయపడుతూ వెళ్తే, చీపురు నా చేతికిచ్చి, గడ్డి ఎట్లా మార్చాలో చూపించింది. ఆ తర్వాతి వారం దొరసానిని ఎత్తి నా ఒళ్ళో పెట్టింది. ఒక చేయి ఛాతీ కింద, ఒక చేయి వెనక కాళ్ళ కింద, గట్టిగా కాదు, వదులుగా కాదు. “గట్ల. ఇగ గుండె సప్పుడు ఇను” అంది. గోళ్ళు కత్తిరించడం, తినకపోతే ఆకు నూరి సూదిలేని సిరంజితో నోట్లో వెయ్యడం, అన్నీ ఆమే నేర్పింది. తను ముక్కుకు గుడ్డ కట్టుకుని దూరంగా కుర్చీలో కూర్చునేది. ఆ రెండేళ్ళలో ఇంకో నాలుగైదు వచ్చి చేరాయి, కొన్ని ముసలివై పోయాయి.

పోయిన నెల ఆమెను దవాఖానకు తీసుకుపోయిన రోజు నుంచే దొరసాని తిండి మానేసింది. నేను రెండు పూటలా ఇంటికి పోయి ఆకు నూరి సిరంజితో వేశాను. మొదటి రెండు రోజులు మింగింది. తర్వాత పెదవుల చివర్ల నుంచి కారిపోయేది. నాలుగో రోజు పొద్దున కుండలో బిగుసుకుపోయి కనిపించింది. పెరట్లో పూడ్చి, చేతులు కడుక్కుని దవాఖానకు వెళ్ళాను.

అత్తమ్మ ముక్కుకు గాలి గొట్టం. మాట పెగలడం కష్టంగా ఉంది. అయినా అడిగింది.

“దొరసాని తింటున్నదా?”

తింటోందన్నాను. నిన్న సగం జామకాయ తిన్నదన్నాను. ఎందుకో జామకాయ అని నోటికొచ్చింది.

ఆమె నా మొహంలోకి చూసింది.

“దొరసాని జామకాయ ముట్టదు బిడ్డా. ఎన్నడు ముట్టలే.”

నేను తల దించుకున్నాను. ఆమె దుప్పటి కింద నుంచి చేయి తీసి నా చేయి వెతికి పట్టుకుంది. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. తుడుచుకోలేదు, నన్ను తుడవనివ్వలేదు. ఆ తర్వాత నాలుగు రోజులు బతికింది. మిగిలినవి ఎట్లున్నాయని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే నేను ఇంకో అబద్ధం చెప్పాల్సి వస్తుందేమోనని అడగలేదని నాకనిపిస్తుంది.

వాటిని ఉంచుకోకపోతే ఇంకొన్నాళ్ళు బతికేదా? డాక్టరును అడిగాను. కట్టెల పొయ్యి, కాలేజీ గదిలో పద్నాలుగేళ్ళు, గడ్డి దుమ్ము, ఏది ఎంత అని చెప్పలేమన్నాడు. నాకు ఆ లెక్క తేలదు. గంప ఒళ్ళో పెట్టుకుని విసురుతున్న ఆమె చేయి మాత్రం గుర్తుకొస్తుంది.

ఐదు మిగిలాయి. బంధువులు రకరకాల సలహాలు చెప్పారు. ఈసారి ఎవరి మాటా వినలేదు, వాటిని కొడకండ్లలో మా ఇంటికి తెచ్చుకుంటానని చెప్పాను.

పదకొండో రోజు అయ్యాక, వాటికి ఆకు కోసం జనగామ అంగడికి వెళ్ళాను. తండా నుంచి వచ్చి కొత్తిమీర, పాలకూర అమ్మే ఒకావిడ దగ్గరే అత్తమ్మ ఎప్పుడూ కొనేదని తెలుసు. నేను ఫలానా అని చెప్పగానే ఆమె వెనక్కి వంగి ఒక సంచి తీసింది. క్యారెట్ ఆకు, గోబి ఆకు, కొత్తిమీర కాడలు. రోజూ తీసి పెడుతోందట. సాయంత్రానికి వాడిపోతే పారేసి, మరునాడు మళ్ళీ తాజాది పెడుతోందట. అవ్వ ఊరికి పోయిందా, ఇన్ని దినాలైంది అని అడిగింది.

చెప్పాను.

కొనడానికి వచ్చిన ఇద్దరు ధర అడుగుతున్నా ఆమె తలెత్తలేదు. నా చేతికి ఇవ్వబోయిన సంచిని మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని, ఆకులన్నీ గోనె మీద కుమ్మరించింది.

“పండిన ఆకు ఒక్కటున్నా అవ్వ తీసుకోకపోయేది” అంది.

ఎండలో కూర్చుని, ఒక్కో కాడనూ తిప్పి చూస్తూ, పసుపుబారిన ఆకులను గిల్లి పక్కన పెడుతోంది. నేను సంచి నోరు తెరిచి పట్టుకుని నిలబడ్డాను. ఆమె తొందరపడలేదు, నేనూ తొందర పెట్టలేదు. మంచి ఆకు ఒక్కొక్కటిగా సంచిలో పడుతోంది.