మరవరాయి మీద పెట్టిన చెయ్యి

నీరుగంటి తాత పోయాడన్న కబురు నాకు మోటారు పడవ చప్పుడులోంచి వినిపించింది. ఫోన్ చేసింది మా అన్న. "పాపా, నీరుగంటి తాత పాయ. తెల్లారి లేపితే లేయలేదంట," అన్నాడు. వెనక ఇంజను గడగడమంటోంది. రెండుసార్లు అడిగితే గానీ ఎవరు పోయారో నాకు తెలియలేదు. ఆ ఒక్క నిమిషమైనా దాన్ని ఆపిద్దామని మా అన్నకు తోచలేదు. ఆపమని నేనూ అనలేదు. అనాల్సిన చోట అనకపోవడం నాకు అలవాటే, ఆ సంగతి ముందు ముందు చెబుతాను.

మాది ఆత్మకూరు దగ్గర ఒక ఊరు. మా చెరువు వాన పడ్డ ఏడే చెరువు, పడని ఏడు గొర్రెలు మేసే బయలు. అది నిండి మరవ పారితే, అంటే అలుగు మీదుగా నీళ్లు పొర్లితే, ఊరికి అంతకు మించిన పండగ లేదు. తూము ఎత్తడం, దించడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లో తేల్చడం నీరుగంటిగా తాత పని. మా నాయన పెద్ద రైతని ఒక మడవ నీళ్లు ఎక్కువ వదిలింది లేదు, ఇంకెవరో ఒంటరి ముసలమ్మ కదా అని తక్కువ వదిలిందీ లేదు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చికి పోయేవాడు. ప్రార్థన మధ్యలో వాన మొదలైతే మాత్రం లేచి తూము దగ్గరికి పోయేవాడు. పాస్టరు అడిగితే, "ప్రభువు ఈడా ఉంటాడు, ఆడా ఉంటాడయ్యా. తూము కాడ నేనొక్కణ్ణే గదా ఉండేది," అనేవాడట.

నీళ్లు బాగా నిలిచిన ఏడు చెరువులోని తుమ్మచెట్ల మీదికి ఎర్రకాళ్ల కొంగలు వచ్చేవి. పురుటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలనే మా ఊళ్లో వాటిని అంటారు. మొదటి జంట పుల్ల తెచ్చి గూడు మొదలుపెట్టిన రోజున తాత కట్ట మీది గుంజకు ఆకులున్న వేపకొమ్మ, మా మాటలో వేపరొమ్మ, కట్టేవాడు, బాలింత ఉన్న ఇంటి గుమ్మానికి కట్టినట్టు. ఇక పిల్లలు ఎగిరేదాకా కట్ట మీద తప్పెట లేదు, టపాకాయ లేదు. ఎద్దుల మెడగంటల్లో గడ్డి కుక్కి తోలుకుపోయేవాళ్లు. పెళ్లి ఊరేగింపు కూడా చుట్టు తిరిగి పోవాల్సిందే. ఎవరైనా గొణిగితే తాత ఒకటే అడిగేవాడు. "ఇంట్లో బాలింత పండుకోనుంటే నువ్వు రోట్లో వడ్లు దంచుతావా అప్పా?"

నేను కాన్పుకు వచ్చినప్పుడు మా గుమ్మానికి వేపరొమ్మ తెచ్చింది కూడా ఆయనే. వాకిట్లోనే నిలబడి, "ఈ ఏడు మొదట వచ్చిన కొంగ నువ్వే పాపా," అని నవ్వాడు. లోపలికి రాలేదు. మా ఇంట్లోకి ఆయన్ని ఎవరూ ఎప్పుడూ పిలిచిందీ లేదు.

కొన్నేళ్ల కిందట మా అన్నకు చెరువులో మోటారు పడవలు తిప్పాలని బుద్ధి పుట్టింది. కర్నూలు నుంచి, నంద్యాల నుంచి జనం వస్తారు, ఊరు బాగుపడుతుంది అన్నాడు. ఊరు కూడింది. తాత వద్దనలేదు. "తిప్పుకో నాయనా. రొమ్మ కట్టిననాటి నుంచి పిల్లలు ఎగిరేదాకా మాత్రం మోటారు పెట్టొద్దు. పుట్టి తిప్పుకో, తెడ్డేసుకో, అడిగేటోడు లేడు," అన్నాడు. అందరూ సరేనన్నారు. మా ఊళ్లో గట్టి మాట ఇవ్వాలంటే మరవ మీది రాయిని ముట్టి ఇవ్వాలి. మా అన్న ఆ రాయి మీద చెయ్యి పెట్టి, రొమ్మ కట్టాక మోటారు పెట్టనన్నాడు. నేను పక్కనే ఉన్నాను. బడిపంతులమ్మను కదా, "దీన్ని తీర్మానం రాయించి పెట్టుకుందాం తాతా," అన్నాను.

"కాగితం చెదలు తింటాది పాపా, రాయిని ఏం తింటాది?" అన్నాడు. మళ్లీ తనే, "అయినా మీ అన్న బయటోడా?" అన్నాడు.

నాకు తెలిసి ఆయన చేసిన తప్పు అదొక్కటే. అదీ మమ్మల్ని నమ్మి చేసింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు తేలాం మేము.

మొదటి ఏడు వానల్లేవు, జనమూ లేరు, మాట నిలబెట్టుకోవడం సులువైంది. మరుసటి ఏడు మరవ రోజుల తరబడి పారింది. కొంగలు వచ్చాయి, కార్లలో జనమూ వచ్చారు. తాత రొమ్మ కట్టాడు. మా అన్న ఒక వారం ఆపాడు. ఆ తర్వాత, "ఒక్క రౌండే తాతా, పెద్దోళ్లు వచ్చినారు," అన్నాడు. ఇంకో వారానికి అడగడం కూడా మానేశాడు. నోటి వెంట మాత్రం "తాతా" అనే పిలుపు ఒక్కనాడూ తగ్గలేదు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో నేను మా ఇంట్లోనే చూశాను. మోటారు తుమ్మచెట్లను చుట్టి వచ్చిన ప్రతిసారీ కొంగలన్నీ గుడ్లను ఎండలో వదిలి లేచిపోయేవి. ఆ సందున కాకులు దిగేవి.

తాత మండలాఫీసు చుట్టూ తిరిగాడు. చివరికి ఒక అధికారి వచ్చి కట్ట మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మంచివాడే. "మోటారు వద్దన్న కట్టుబాటు ఉంటే నేను ఆపిస్తా. తీర్మానం కాపీ ఉందా?" అన్నాడు. లేదు. "పోనీ, ఆ మాట విన్నవాళ్లు చెప్పండి," అన్నాడు. ఊరంతా అక్కడే ఉంది. అందరి నోళ్లలోనూ బెల్లంగడ్డలే. కొందరు పడవల రేవు దగ్గర బజ్జీల బండ్లు పెట్టుకున్నారు, కొందరి ఇళ్లలో వాళ్లకు టికెట్ల దగ్గర పని దొరికింది. తాత వాళ్లనేమీ అనలేదు. నా వైపు చెయ్యి చూపించాడు.

"ఈ పాప ఆడనే ఉన్నింది సార్. సదువుకున్న మనిషి, అబద్ధం చెప్పదు. అడగండి."

మా అన్న నేల చూస్తున్నాడు. నాయన పోయాక నన్ను చదివించింది ఆ మనిషే. "పెద్దవాళ్లు ఏదో అనుకున్నారు సార్. నాకు సరిగ్గా తెలీదు," అన్నాను.

అధికారి కాగితాలు సర్దుకుని జీపెక్కాడు. తాత అరుస్తాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. దగ్గరికి వచ్చి, "ఎండ శానా ఉండాది. ఇంటికాడ మజ్జిగ ఉండాది, తాగి పో పాపా," అన్నాడు. బస్సుకు వేళయిందని చెప్పాను. అది ఆ రోజు నేను ఆడిన రెండో అబద్ధం.

కొంగలు గూళ్లు సగంలో వదిలేసి పోయాయి. మళ్లీ రాలేదు. నేనూ ఊరికి పోవడం తగ్గించాను. అన్న మీద కోపమని నాకు నేను చెప్పుకున్నాను.

భూస్థాపనకు మా అన్న అందరికంటే పెద్ద పూలదండ తెచ్చాడు. తాత మీద గౌరవంతో ఆ పూటకు పడవలు ఆపించానని కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. బతికున్న మనిషి అన్నేసి రోజులు అడిగినా ఇవ్వనిది, శవానికి ఒక పూట ఇచ్చాడు. తాత కోడలు వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మామ నిన్ను ఒక్క మాట అనలేదక్కా. నేనే ఒకసారి నిన్ను తిట్టినా. ఆ పాప చెప్తాదిలే, దానికి కొంచెం టైం పడతాది అన్నాడు."

ఆలస్యమైంది తాతా. నేను అక్కడే ఉన్నాను, విన్నాను. వేపరొమ్మ కట్టిననాటి నుంచి పిల్లలు ఎగిరేదాకా మోటారు పెట్టనని మా అన్న మరవరాయిని ముట్టి చెప్పాడు. ఈ మాటే అర్జీగా రాసి, కింద సంతకం పెట్టి మండలాఫీసులో ఇచ్చాను. అప్పటి నుంచి మా అన్న ఫోన్ చేయడం లేదు. ఊళ్లో నన్నేమంటున్నారో నాకు తెలుసు.

ఆ రోజు సమాధుల తోట నుంచి తిరిగి వస్తూ కట్ట మీద ఆగాను. గుంజకు వేపరొమ్మ ఉంది. కొంగలే రాని ఏడు ఎందుకు కట్టాడని వెంట వస్తున్న తాత కోడలిని అడిగాను. వారం వారం ఎండింది విప్పేసి పచ్చిది కడుతూనే ఉన్నాడని చెప్పింది. ఆయన ఆఖరిసారి కట్టింది ఇంకా పూర్తిగా వాడలేదు. కింద పడవలు గొలుసులతో కట్టేసి ఉన్నాయి. ఆయన అడిగినట్టే చెరువు మీద ఎక్కడా చప్పుడు లేదు. తుమ్మచెట్ల మీద పాత గూళ్లున్నాయి, ఒక్క కొంగ లేదు.