పిప్పి కూర

నలభై రోజుల్లో నలభై కిలోల క్యారెట్లు, ఒక మిక్సీ జార్, రోజుకు గంట నిద్ర ఖర్చయ్యాయి. రసం తాగి షుగర్ తగ్గించుకోవాలన్నది నా సొంత లెక్క.

హోసూరులో మా పక్కింటి అవ్వకూ షుగరే. రోజూ గిన్నెతో వచ్చి, "తిండంతా ఈడ పారేసి నీళ్లు తాగుతావేమప్పా!" అంటూ పిప్పి తీసుకెళ్లేది. మధ్యాహ్నానికి దాన్నే కొబ్బరి వేసి కూర చేసి, నాకూ పంపేది. నేను ముట్టకుండా వీధి ఆవుకు పెట్టి, "బాగుందవ్వా" అనేవాణ్ణి.

చివరికి ఇద్దరం రక్తపరీక్ష చేయించుకున్నాం. నాది పెరిగింది, ఆమెది తగ్గింది.

"ఆవుకు గూడా చేయించింటే దానిదీ తగ్గింటుందప్పా!" అని నవ్వింది అవ్వ.

ఆ వారమే ఆమె బేరిగైలో కూతురింటికి వెళ్లిపోయింది. తిని చెప్పాల్సిన 'బాగుందవ్వా'లు నేటికీ నలభై బాకీ.