వేపమండల బండి మీద గాలిమోటారు

మా మనవడు ప్లాస్టిక్ ముక్కలు అతికించి పాతకాలపు యుద్ధ విమానం తయారు చేస్తున్నాడు, ఇల్లంతా జిగురు వాసన. ముక్కు మీద పంకా తిరిగే ఆ ఒంటిమనిషి విమానాలంటే వాడికి ప్రాణం. నేనేమీ అనను. ఆ పిచ్చి నాకు వాడికంటే ముందే పట్టింది.

నేను పెరిగిన అమ్మమ్మ ఊరు కోదాడకూ సూర్యాపేటకూ నడుమ ఉంటుంది. అక్కడ విమానాన్ని గాలిమోటారు అనేవాళ్ళం. వాన వెలిసి, నల్లరేగడి బురద చెప్పుల్లా కాళ్ళకు అంటుకునే భాద్రపదంలో, కాల్చిన మక్కకంకులు ఒళ్ళో పెట్టుకుని పెసరచేను గట్టు మీద కూర్చుని మా మేనమామ రంగయ్య చెప్పే గాలిమోటారు ముచ్చట్లు వినడమే పిల్లలమైన మాకు పండగ. పెద్ద లడాయి, అంటే రెండో ప్రపంచ యుద్ధం, రోజుల్లో ఆయన హైదరాబాదు దగ్గర విమానాలు దిగే మైదానంలో కంకర మోశాడు. తాటాకు చీల్చి, తుమ్మముల్లు గుచ్చి, జొన్నదంటుకు పంకా బిగించి ఇచ్చేవాడు. గాలికి ఎదురు పరుగెత్తితే అది గిర్రున తిరిగేది.

"అండ్ల ఒక్కడే ఉంటడు. తోలేది వాడే, కొట్టేది వాడే. ఎంత గుండెధైర్నం ఉండాలె సూడుండ్రి!" అనేవాడు మామ.

ఆ ఒక్కడు నాకు దేవుడైపోయాడు. పైన ఆకలైతే ఏం తింటాడు, వాళ్ళమ్మ బెంగపడదా అని మామ ప్రాణం తీసేదాన్ని. "నిన్ను గాయనకే ఇచ్చి పెండ్లి చేస్త తియ్యి" అని ఆయన నవ్వేవాడు.

నిజాం రాజ్యంలోకి యూనియన్ సైన్యం వచ్చిన ఏడు, చవితి ఉండ్రాళ్ళు తిని వారమైనా కాకముందే, కాన్పుకు వచ్చిన మా అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. నాన్న మిర్యాలగూడలో చిక్కుపడిపోయాడు. మంత్రసాని చేతులెత్తేసి, "సూర్యాపేట దవాఖానకు తీస్కపోండ్రి, ఇగ నాతోని కాదు" అంది.

మామ బండి కట్టాడు. పురిటి మనిషి పొలిమేర దాటాలంటే వేపమండల చాటున దాటాలి, లేకపోతే గాలి సోకుతుందని మా నమ్మకం. అమ్మమ్మ బండి గూడు చుట్టూ, పైనా దట్టంగా మండలు కట్టింది. అమ్మను ఒళ్ళో పడుకోబెట్టుకుని తనూ ఎక్కింది. అమ్మ కొంగు వదలనని ఏడ్చి నేనూ ఎక్కాను.

బాట మీద మనిషన్నవాడు లేడు. "అక్కా, జర ఓపిక పట్టు, వచ్చేసినం" అంటూ మామ ఎడ్లను అదిలిస్తుండగా మోత వినబడింది. నేను చప్పట్లు కొట్టాను. గాలిమోటారు మమ్మల్ని దాటిపోయి, వెనక్కి తిరిగి, తిన్నగా మా మీదికే దిగసాగింది. మామ బండి ఆపేశాడు.

"నిజాం సైన్యపోళ్ళు లారీలకు గిట్లనే ఆకులు కప్పుతరు, మనది గూడ గదే అనుకుంటడు! మండలు పీకుండ్రి!" అని కిందికి దూకాడు.

అమ్మమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "వద్దు కొడకా, పీకితే బిడ్డ దక్కది!"

మామ చెయ్యి విదిలించుకుని మండలూ, గూడు చాపా ఒక్క గుంజుతో లాగి పారేశాడు. మెలికలు తిరుగుతున్న మా అమ్మ ఆకాశానికి కనబడింది. జొన్నచేను పడుకునేంత కిందికి వచ్చింది గాలిమోటారు. అద్దం వెనక తోలు టోపీ, పక్కకు వంగి మమ్మల్నే చూస్తున్న ఒక్క మొహం. కాల్చలేదు. పైకి లేచిపోయింది. కానీ ఆ మోతకు ఎడ్లు బెదిరి చేలోకి దూకాయి. పగ్గం పట్టుకోబోయి కింద పడిన మామ గుండెల మీదుగా చక్రం వెళ్ళింది.

ఆ చేలోనే, అమ్మమ్మ చేతుల్లోనే, మా తమ్ముడు పుట్టాడు. పొద్దు వాలకముందే మామ పోయాడు. "మండలు పీకిండు, అందుకే పోయిండు" అని అమ్మమ్మ చచ్చేదాకా అంది. గాలిమోటారు మాట ఎవరెత్తినా వినేది కాదు. మామ పీకబట్టే మేం బతికామని ఆమెకు చెప్పే ధైర్యం మా అమ్మకు కూడా లేకపోయింది.

ఇప్పుడు ఆ బాట పెద్ద రోడ్డయింది. ఎడ్లబండ్లు లేవు, చేలల్లో కాన్పులు లేవు, పురిటి మనిషికి మండలు కట్టాలని తెలిసిన ముసలివాళ్ళూ లేరు. గాలిమోటారు అంటే మా మనవడు నవ్వుతాడు. ఆ తోలు టోపీ మనిషి మీద కోపం తెచ్చుకోవాలని ఎన్నోసార్లు అనుకున్నాను, రాలేదు. బండిలో ఆడమనిషిని చూసి కాల్చకుండా వదిలేశాడు. ఆ పూట ఎక్కడో కిందికి దిగి, ఒక ఇంటిని బతికించానని తృప్తిగా అన్నం తిని ఉంటాడు.