బండి మెట్టు మీద

పొద్దున్నే కటక్‌లో బయల్దేరి, దారి పొడుగునా నేనే తోలుకుంటూ వచ్చి, పలాస దగ్గర హైవే దిగి ఒక కొబ్బరితోట పక్కన బండి ఆపాను. మంచం, పొయ్యి, సింకు అన్నీ ఉన్న తెల్లటి పెద్ద వ్యాను అది. నడుము పట్టేసింది. మా ఆవిడ లోపల టీ పెడుతోంది.

ఇంతలో తోటలోంచి ఒక పెద్దావిడ వచ్చి బండి మెట్టు మీద కూర్చుంది. రవిక చెయ్యి పైకి లాక్కుని, ఎడమ చెయ్యి నా ముందుకు చాపి, మొహం పక్కకి తిప్పేసుకుంది. నాకేమీ అర్థం కాలేదు.

"ఏం కావాలమ్మా?"

"రత్తం తియ్యండి బాబూ. మా ఊల్లో అందరికీ కిడ్నీ జబ్బే. పోయినసారి పరీచ్చలకొచ్చిన కిడ్నీ బండోల్లు తీసుకెల్లి, మరేటీ సెప్పనేదు."

"మేం డాక్టర్లం కాదమ్మా. ఊళ్ళు చూసుకుంటూ తిరుగుతున్నాం."

ఆవిడ లోపలికి తొంగి చూసింది. పొయ్యి కనబడింది, పరుపు కనబడింది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"మరి మా ఊల్లో ఎందుకాగినారు?"

కోపంగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది. ఆవిడ మెట్టు దిగాక బండి తీసి, టెక్కలి దాటేదాకా ఎక్కడా ఆపలేదు. నడుము నొప్పెట్టి ఆగానని ఆవిడతో చెప్పడానికి నాకు నోరు రాలేదు.