పురిటి కొంగలు

మా మేడ మీద అద్దెకుంటున్న పాప పోయిన ఆదివారం పొద్దున్నే తలుపు తట్టి, పుంగనూరు అవతల డ్యాం దగ్గరికి పిట్టలు చూడటానికి పోతున్నాం, మీరు ఆ పక్క ఊరివాళ్లే కదా అవ్వా, తోడు రండి అని అడిగింది. మెడలో దుర్భిణి, వీపున సంచి, నెత్తిన టోపీ, చూస్తే యుద్ధానికి పోతున్నట్టే ఉంది. ఎండలు ముదరకముందు ఏ పిట్ట ఎక్కడ దిగిందో చూసి ఫోనులోకి ఎక్కించడం ఇప్పటి పిల్లలకు సరదా అట. మదనపల్లెలోనే ఉంటున్నా ఎన్నో ఏళ్లుగా నేను ఆ డ్యాం వైపు పోయింది లేదు, ఎప్పుడైనా బస్సులో ఆ దారిన పోవలసి వస్తే నీళ్లు కనపడని పక్క సీటు చూసుకుని కూర్చుంటాను. రానమ్మా అని చెప్పబోయిన దాన్ని, ఎందుకో ఏమో, నాలుగు ఇడ్లీలు స్టీలు డబ్బాలో సర్దుకుని బయలుదేరాను. అక్కడేం చూశామో చివర చెబుతాను, ముందు మా అత్త సంగతి చెప్పకపోతే అది మీకు ఎక్కదు.

మా ఊరు సదుం పోయే దారిలో, ఆ డ్యాం కట్ట పక్కనే ఉండేది. కట్టకు ఆనుకుని మా వాళ్ల చింతచెట్లు వరసగా ఉండేవి, వాటిలో నీళ్ల మీదికి వంగిన పెద్దచెట్టు మా మేనత్తది. కడుపు పండలేదని అత్తగారింటివాళ్లు ఆమెను పంపించేస్తే, పుట్టింట్లో ఆమె భాగమని మా తాత చూపించింది ఆ చెట్టునూ, దాని కింద కాస్త నేలనూ. గొడ్రాలికి చెట్టే చాలనుకున్నాడేమో ఆ మహానుభావుడు, ఇప్పటికీ తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. అత్త మాత్రం ఆ చెట్టును చూసుకుని మహారాణిలా బతికింది, ఎందుకంటే ఏటా శివరాత్రికి అటూ ఇటూగా కొంగలు దిగేది ఆ చెట్టు మీదే.

తెల్లటి ఒళ్లు, రెక్కల మీద నల్లచారలు, పసుప్పచ్చటి పొడవాటి ముక్కు, తోక దగ్గర మాత్రం ఎవరో కుంకుమ నీళ్లు చిలకరించినట్టు ఎరుపు. పుస్తకాల్లో వాటి పేరు వేరే ఉంది, మా ఊళ్లో మాత్రం పురిటి కొంగలనేవాళ్లం. అవి కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలని మా వాళ్ల నమ్మకం, నమ్మకమన్నాక మర్యాదలు ఉంటాయి కదా. మొదటి జంట దిగిన రోజు ఊరి ఆడవాళ్లు చెట్టు మొదట్లో పసుపు పూసి వడిబియ్యం పోసేవాళ్లు, ఆ బియ్యం ఉడుతలూ గోరింకలూ తినేసేవనుకోండి, అది వేరే మాట. పెళ్లి ఊరేగింపు ఎంత గొప్పదైనా కట్ట దగ్గరికి వచ్చేసరికి మేళం ఆగిపోవాల్సిందే. ఆ దినాల్లోనే చింతకాయలు రాల్చే అదను, అయినా కొంగలున్న చెట్టు మీద ఎవరూ గెడ వేసేవాళ్లు కాదు, పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయేసరికి కాయలన్నీ పురుగు పట్టి రాలిపోయేవి. అంటే ఏటా తన చెట్టు ఫలాన్ని అత్త కొంగలకే విడిచిపెట్టేదన్నమాట. వాసన సంగతి అడగకండి, చేపల కంపుకు కొత్త కోడళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్లు. ఆ బోడిమెడల పిల్లలు చూడటానికి ఎంత వికారంగా ఉన్నా, కాకిపిల్ల కాకికి ముద్దన్నట్టు, అత్త వాటిని కిందనుంచి చూస్తూ ఇదేమో తల్లి పోలిక, అదేమో తండ్రి పోలిక అని తేల్చేసేది.

మా ఊరి చింతచెట్లన్నీ గుత్తకు తీసుకునే వ్యాపారి పుంగనూరు సాయిబు ఒకాయన, ఆయనను మేమంతా మామా అనే పిలిచేవాళ్లం. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బేరం కుదరనప్పుడు రెండూ కలిపి మాట్లాడేవాడు. కొత్తగా వచ్చిన ఆయన పనివాడెవడో ఒకసారి అత్త చెట్టు మీదికి గెడ ఎత్తితే, ఆయనే పరుగున వచ్చి వాడి చేతిలోంచి లాక్కున్నాడట.

“బిడ్డలు పండుకోనుండే ఇంట్లో కట్టె ఎత్తుతారా ఎవురన్నా?” అన్నాడట.

నాకు టెలిఫోను ఎక్స్చేంజీలో ఉద్యోగం వచ్చి మొదట కుప్పంలో వేశారు. ట్రంకుకాలు బుక్ చేసుకుని గంటలకొద్దీ కాచుకున్న రోజులు మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటాయి. కుప్పంలో అయితే ఒకరు తెలుగులో, ఒకరు తమిళంలో, ఇంకొకరు కన్నడంలో తిట్టేవాళ్లు, మూడు భాషల్లోనూ నేను నవ్వుతూ లైనులో ఉండండి అనడం నేర్చుకున్నాను. తరవాత మదనపల్లెకు మార్చారు. ఎక్కడున్నా శివరాత్రి దగ్గర పడేసరికి నా చెవులు ఒక్క ఫోను కోసమే కాచుకునేవి, మా ఊరి అంగట్లో ఉన్న ఏకైక ఫోనునుంచి అత్త గట్టిగా, ఫోను అవసరం లేనంత గట్టిగా, బిడ్డలు దిగినారు మే అని అరిచేది. ఆ మాట వినగానే సెలవు చీటీ రాసిచ్చి బస్సెక్కేదాన్ని. కారణం మేనత్త ఇంట్లో పురుడు అని రాసేదాన్ని, ఏటా పురుడేమిటమ్మా మీ అత్తకు అని మా పైఆఫీసరు నవ్వేవాడు.

తరవాత వానలు మొహం చాటేశాయి. ఒక ఏడు కాదు, వరసగా. పైన వంకల్లో నీళ్లు రాలేదు, చుట్టూ చేలల్లో బోర్లు మాత్రం పోటీపడి లోతుకు దిగాయి, డ్యాం అడుగు నెర్రెలిచ్చింది. ఆ ఏడు కొంగలు వచ్చి చెట్టు మీద తిరిగాయి గానీ దిగలేదు, తిరగడం, దూరంగా పోవడం, మళ్లీ రావడం. బిడ్డలు గడప దాకా వచ్చి తిరిగిపోతా ఉంటే అన్నం ఎట్ల దిగుతుందని అత్త పస్తు పడుకుంది. మా నాయనకు చెల్లెలంటే ప్రాణం. టమోటా తోట పూతకొచ్చి ఉన్నా, తూము దగ్గర పల్లంలో పెద్ద గుంత తవ్వించి, తన బోరు నీళ్లు పైపుతో అందులోకి మళ్లించాడు. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే అని ఊరంతా అనింది, అంటూనే వచ్చి గుంత తవ్వింది కూడా వాళ్లే. సాయిబు మామ పలమనేరు పక్క చెరువొకటి ఇంకా ఎండలేదని కనుక్కుని, డ్రమ్ముల్లో బతికున్న చేపలు వ్యానులో తెచ్చి గుంతలో వదిలాడు.

కొంగలు దిగాయి. నేను అప్పటికే అక్కడున్నాను, కాబట్టి ఫోను లేకుండానే ఆ అరుపు విన్నాను. అత్త చెట్టు మొదలు పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది, మా నాయన ఎండుతున్న తోట వైపు చూడకుండా నవ్వాడు, మామ తెచ్చిన మిఠాయి అందరం తిన్నాం. అంత సంతోషం మా ఊళ్లో నేను మళ్లీ చూడలేదు.

పిల్లలు గుడ్లలోంచి బయటికి వచ్చిన తరవాత బోరు గాలి కొట్టింది. మొదట నీళ్లు సన్నబడ్డాయి, తరవాత బురద, ఆ తరవాత ఉత్త చప్పుడు. పక్క రైతులను అడుగుదామంటే వాళ్లవీ అదే దారిలో ఉన్నాయి, పలమనేరు చెరువూ అడుగంటింది. తల్లి కొంగలు మేతకు పొద్దున పోయి సాయంత్రానికి, తరవాత మర్నాటికి వచ్చేవి. వచ్చినప్పుడు వాటి గొంతులో ఏమీ ఉండేది కాదు. ఒకరోజు అవి రాలేదు. పైన పిల్లల అరుపులు ఊరంతా వినపడేవి, ఎవరింట్లోనూ సరిగ్గా పొయ్యి వెలగలేదు. ఒక్కొక్కటే గూటిలోంచి కింద పడుతుంటే అత్త ఒళ్లోకి తీసుకుని, సంతలోంచి తెప్పించిన చేపముక్కలు నోట్లో పెట్టింది. మింగినవి కొన్ని, మింగనివి కొన్ని. ఏదీ బతకలేదు. అన్నింటినీ చెట్టు కిందే, పసిబిడ్డలను పాతిపెట్టినట్టు పాత చీరగుడ్డల్లో చుట్టి పాతిపెట్టింది.

మన ప్రయత్నం మనం చేసినాం, దేవుడు వేరే విధంగా రాసినాడని మా నాయన ఓదార్చబోయాడు. అత్త ఆయన్ను మధ్యలోనే ఆపేసింది.

“దేవుని మీదికి యాల తోస్తావు? అవి ఎండిన డ్యామును సూసి ఇంకో తావుకు పోతా ఉండినాయి. మనమే నీళ్లు సూపించి, ఉండాయని అబద్ధం సెప్పినాం.”

తెలివిగా ఉండి ఉంటే ఊరుకునేవాళ్లం, అవి ఎక్కడికో పోయి పిల్లల్ని కనేవి. కడుపులో ప్రేమ ఉండబట్టే కదా అంత పనిచేశాం.

మరుసటి శివరాత్రికి ఫోను రాలేదు. నేనే అంగడికి ఫోను చేస్తే, కొంగలొచ్చాయి గానీ మీ అత్తకు మతి చెడింది, రమ్మన్నారు. ఆ పూటే బస్సెక్కి పరుగెత్తాను. కట్ట ఎక్కి చూస్తే, డ్యాములో మోకాలి లోతు నీళ్లు, పైన కొంగలు, చెట్టు కింద అత్త అన్నం తినే సత్తు తట్ట పట్టుకుని గరిటెతో దబదబా బాదుతోంది. ఆ చెట్టు కింద ఎవరైనా గట్టిగా దగ్గితే కోప్పడే మనిషి. జుట్టు ముడి ఊడిపోయి, చెంపల మీద నీళ్లు కారుతున్నా చెయ్యి మాత్రం ఆపడం లేదు.

“పొండమ్మా, పొండి. మీ పుట్టిల్లు ఎండిపోయుండాది, ఈడ దిగొద్దండి.”

నేను పోయి తట్ట పట్టుకోబోతే, తల్లిని కాబట్టే కదా తరిమేది అని మెల్లగా అనింది. అవి కాసేపు తిరిగి, పలమనేరు దిక్కుగా పోయాయి. అవి కనుమరుగయ్యే దాకా బాదింది. ఆ ఏడు ఆమే మామను పిలిపించి తన చెట్టునూ గుత్తలో కలుపుకోమంది. ఆయన గెడ పట్టుకుని నిలబడ్డాడు గానీ చెయ్యి లేవలేదు, చివరికి మొదటి దెబ్బ అత్తే వేసింది. ఆ చింతపండును మాత్రం ఇంట్లో పులుసుకు వాడనివ్వలేదు.

అత్త బతికున్నన్నాళ్లూ కొంగలు మళ్లీ రాలేదు. వాటికోసం అత్త ఎదురుచూసిందో, రాకూడదని మొక్కుకుందో నాకు తెలియదు, పోయే ముందు కూడా వాటి మాట ఎత్తలేదు. మా నాయన, మామ కూడా పోయారు, ఊళ్లో మా చేలన్నీ చేతులు మారాయి.

పోయిన ఆదివారం చూస్తే డ్యాం నిండుగా ఉంది, అలలు కట్టకు తగులుతున్నాయి. అన్ని నీళ్లు చూసి నాకు సంతోషం రావాల్సింది, ఏడుపొచ్చింది. కట్ట వెడల్పు చేసి చింతచెట్ల వరస మొత్తం కొట్టేశారు, వాటి చోట సిమెంటు బెంచీలు, రంగు దీపాలు, సాయంత్రాల్లో పాటలు పెట్టే పెద్ద స్పీకర్లు. తూము గుర్తును బట్టి అత్త చెట్టు ఎక్కడుండేదో కనుక్కుని ఆ బెంచీ మీదే కూర్చున్నాను. పాప నీటికాకులనూ బాతులనూ చూపిస్తూ ఉండగా పైన తెల్లగా ఒక గుంపు కనిపించింది. దుర్భిణి అవసరం లేదు, తోక దగ్గర ఆ ఎరుపు నాకు తెలుసు. అవి సరిగ్గా మా బెంచీ మీదే తిరుగుతున్నాయి.

“నీళ్లు ఇంత నిండుగా ఉండాయి కదవ్వా, యాల దిగలేదు?” అనింది పాప.

దిగితే గూడు ఎక్కడ కట్టుకుంటాయి, ఈ నీళ్లు వచ్చే ఏటికి ఉంటాయని వాటికి ఎవరు మాటిస్తారు? పిలవడానికి నాకు నోరు రాలేదు, తరమడానికి చేతులు రాలేదు. ఇడ్లీల డబ్బా మూత నా చేతిలోనే ఉంది. బెంచీకి తగిలి చప్పుడవుతుందేమోనని దాన్ని మెల్లగా ఒళ్లో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

అయినా అవి దిగలేదు.