మందాకిని గారింటికి దారి

మాది తెనాలిలో మూడు తరాల కిరాణా కొట్టు. కందిపప్పు కూడా కొరికి చూసిగాని కొనం. అలాంటివాణ్ణి, దెయ్యాలూ శకునాలూ అంటే నమ్ముతానా? ఏనాడూ నమ్మలేదు. అందుకే జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

నిరుడు గేరు సైకిలు కొన్నాను. జంపని, వేమూరు, రేపల్లె మీదుగా సూర్యలంక దాకా, పెద్ద రోడ్డు వదిలేసి కాలువ గట్ల వెంట వెళ్ళాలని కోరిక. వారం రోజులు కూర్చుని దారి గీసుకున్నాను. రెండు రోజులు సెలవడిగితే మా ఆవిడ ఒక రోజుకు దిగింది. కొట్లో ఎంత పులినైనా ఇంట్లో నా బేరం అంతే.

ఒకటే చిక్కు. పల్లెల్లో సైకిలు ఆపితే చాలు, "ఎవరింటికండి?" అంటారు. ఊరికే చూడ్డానికొచ్చానంటే నమ్మరు, స్థలాల బ్రోకరనుకుంటారు. అందుకని ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాను: మందాకిని గారింటికి. మామూలు పేరైతే ఎవరో ఒకరిల్లు చూపిస్తారు. ఈ పేరు ఆ పల్లెల్లో ఉండదని నా తెలివి. మా ఆవిడకు కూడా చెప్పలేదు.

రేపల్లె దాకా బాగానే పనిచేసింది. "ఆ పేరు గలవాళ్ళు లేరండి, పై ఊళ్ళో అడగండి" అని పంపేశారు.

రేపల్లె దాటాక, పట్టపగలు పదకొండింటికి, ఒక చిన్న ఊళ్ళో నీళ్ళకోసం ఆగాను. మినుములు చెరుగుతున్న ఆవిడ అదే ప్రశ్న వేసింది. అదే జవాబు చెప్పాను.

ఆవిడ చేట కింద పెట్టేసింది. "ఇంతసేపా బాబూ! పొద్దుట్నించీ మీ కోసమే చూస్తున్నారు. పదండి, పదండి!"

తప్పించుకునేలోగా ఆవిడే హ్యాండిలు పట్టుకుని నడిపించింది.

సందు చివర అంబులెన్సు ఆగి ఉంది. పక్కనున్న ఇంట్లో ఒక ముసలావిడ మంచం పట్టె వదలకుండా రొప్పుతోంది. ఆస్పత్రికి పదమంటే, తెనాలి నుంచి సైకిలు మీద ఒకాయన వస్తాడు, చూశాకే కదులుతానని మొండికేసిందట. ఇంకా ఆలస్యమైతే దక్కదని అంబులెన్సు ఆయన అరుస్తున్నాడు.

ముసలావిడ కూతురికి నిజం చెప్పేశాను. "అమ్మా, మీరెవరో నాకు తెలీదు. ఆ పేరు నేనే కల్పించాను."

"అమ్మ పేరు అదేనండి. తెలీదనే చెబుతాడని కూడా అంది. ఒక్కసారి కనబడండి అన్నయ్యగారూ!"

వెళ్ళాను. ముసలావిడ నా మణికట్టు పట్టుకుంది. "ఏ దారిన వచ్చావు?" అంది. వరసగా చెప్పాను. జంపని, వేమూరు, భట్టిప్రోలు...

"భట్టిప్రోలు దాటాక గొలుసు ఊడిందిగా."

నిజమే, ఊడింది. అప్పుడు గట్టు మీద నరపురుగు కూడా లేదు. చేతికున్న గ్రీజు చూసి అన్నదేమో అనుకుందామంటే, ఎక్కడ ఊడిందో ఎలా తెలుస్తుంది?

అప్పుడు ముసలావిడ మంచం పట్టె వదిలేసింది. కూతురు నా ఫోను నంబరు తీసుకుని వెంట ఎక్కింది. అంబులెన్సు బాపట్ల వైపు వెళ్ళిపోయింది. నేను సైకిలు ఆటోలో వేసుకుని ఇంటికొచ్చేశాను. ఆటో అతనితో బేరం కూడా ఆడలేదు.

నాలుగో రోజు కూతురు ఫోను చేసింది. "గండం గడిచిందండి. సమయానికి తెచ్చారన్నారు డాక్టరు గారు." మళ్ళీ తనే అంది: "మీ సంగతి చెబితే, ఏ సైకిలాయన? అంటోందండి. మేమే ఏదో కలగన్నామంటోంది."

ఆవిడ కోలుకున్నాక వెళ్ళి అడుగుదామని, ఆ నాలుగు రోజులూ ఆ ధైర్యంతోనే ఉన్నాను. ఆవిడకే తెలియనిది ఇంకెవర్ని అడగను?